సత్యానందం గారి తెల్లచొక్కా

సత్యానందం గారికి చిన్నప్పటినుంచీ ఒక కల ఉండేది. నిద్రలో వచ్చేది కాదు, మధ్యాహ్నం పూట కళ్ళు తెరిచి ఉండగానే వచ్చేది. అందులో ఒక గది. గదిలో బల్ల, బల్ల మీద కాగితాలు, అవి ఎగిరిపోకుండా ఒక గాజుగుండు. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. బల్ల వెనక తెల్లచొక్కా వేసుకున్న మనిషి కూచుని ఉంటాడు. ఆ మనిషి మొహం ఎప్పుడూ కనపడేది కాదు. చొక్కా మాత్రం కనపడేది, అప్పుడే ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినట్టు.

"మొహం నాదేనని తెలుసునండి," అన్నారు ఆయన నాతో. "తెలిసిందాన్ని మళ్ళీ చూడ్డం ఎందుకని చొక్కానే చూసేవాణ్ణి."

ఇప్పుడాయనకి నలభై తొమ్మిది. మలికిపురంలో భవానీదేవి గారి కొబ్బరి కంపెనీలో ఆఫీసు వ్యవహారాలన్నీ ఆయనే చూస్తారు. బల్ల ఉంది, కాగితాలున్నాయి, ఫ్యాను ఉంది. గాజుగుండు రాజమండ్రిలో వెతికి కొనుక్కున్నారు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నుంచి ఇరవై రెండేళ్ళుగా తెల్లచొక్కానే వేసుకుంటున్నారు. కలలో లేనిది ఒక్కటే, వేడి.

ఆఫీసు గదికి పైన అటక. అటక నిండా కురిడీకాయలు. కాయలో నీళ్ళు వాటంతట అవే ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పని వదిలేసి, ఊపితే గలగలమనేదాకా పది నెలలో ఏడాదో వాటిని అలా వదిలేస్తారు. వాటికి చెమ్మ తగలకూడదు. కింద ఏసీ పెడితే పైన చెమ్మ పడుతుందని భవానీదేవి గారి భయం. నిజమో కాదో ఎవరూ పెట్టి చూడలేదు. కాయల విషయంలో ఆవిడ భయాలన్నీ వాళ్ళ నాన్నగారి దగ్గర్నుంచి వచ్చినవి. అందుకని వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. కాబట్టి శివరాత్రి దాటిందంటే ఆ గది వెచ్చబడిపోతుంది. మధ్యాహ్నం రెండు దాటేక మనుషుల మాటలు కూడా నెమ్మదిస్తాయి. పైన ఏ ఎలకో నడిస్తే ఒక కాయ ఇంకో కాయకి తగిలి టక్కుమంటుంది. కాసేపటికి ఇంకో మూల నుంచి ఇంకో టక్కు.

"ఆ చప్పుడు వింటూ ఉంటే టైము తెలీదండి. మన తల మీద ఎవరో నిమ్మళంగా ఎండుతున్నట్టుంటుంది."

ఆయన తల్లి రత్నం గారికి డెబ్బై రెండు. కొడుకు దగ్గరే ఉంటారు. ముప్పై ఏళ్ళ పైన ఆవిడ కొబ్బరి డొక్కలు మోసేరు. కాయ వలిచేక మిగిలే పీచుతొక్కే డొక్క. పచ్చి డొక్కలు గంపకెత్తి తలమీద పెట్టుకుంటే అందులోంచి రసం కారి మెడమీదా భుజాలమీదా పడుతుంది. పడినప్పుడది మంచినీళ్ళలాగే ఉంటుంది. తుడుచుకుంటే పోయిందనే అనుకుంటారు. ఐదారు రోజులు పోయేక తేలుతుంది మరక, గోధుమరంగులో. ఇక పోదు. కొన్నప్పుడు ఏ రంగు చీరైనా సరే, ఏ రంగు జాకెట్టైనా సరే, ఆర్నెల్లు తిరిగేసరికి రత్నం గారి బట్టలన్నీ ఆ ఒక్క రంగుకే వచ్చేసేవి.

వాళ్ళింట్లో అప్పుడు రెండు బకెట్లుండేవి. ఇనప బకెట్టు ఆవిడ బట్టలకి. నీలం ప్లాస్టిక్ బకెట్టు కొడుకు బడి చొక్కాకి. మరక ఒక బట్ట నుంచి ఇంకో బట్టకి పాకదని చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ చెప్పేరు. ఆవిడ వినలేదు.

"ఇనప బకెట్టు పక్కనుంచి కూడా నా చొక్కాని వెళ్ళనిచ్చేది కాదండి. ఆదివారం చర్చికెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకునేది కాదు. తన భుజం నాకు తగిలితే ఏవవుతుందో అని. కాస్త ఎడంగా నడిచేది. నేనేమో మా అమ్మకి నా మీద కోపవనుకునేవాణ్ణి."

తర్వాత ఆయన చదివేరు, ఉద్యోగం వచ్చింది, బడిపంతులమ్మ సరోజిని గారితో పెళ్ళయింది, కూతురు క్రిస్టీనా పుట్టింది, వాషింగ్ మిషనూ వచ్చింది. అయినా సత్యానందం గారి తెల్లచొక్కా ఇవాళ్టికీ మిషన్లో పడదు. రత్నం గారే నీలం బకెట్లో నానబెడతారు. ఆ బకెట్టు విరిగితే కొత్తది తెమ్మంటారు, అదీ నీలమే తెమ్మంటారు. ఇప్పుడున్నది నాలుగోదో ఐదోదో.

"మా అత్తగారి లెక్కలో మేవందరం ఒక ఇల్లు, ఆ చొక్కా ఒక ఇల్లు," అంటారు సరోజిని గారు నవ్వుతూ.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మార్చిలో ఆయన చేతికి వచ్చిన పని ఆ చొక్కా మీదకే వచ్చింది.

భవానీదేవి గారు ఏదో పనిమీద కొచ్చి వెళ్ళొచ్చేరు. అక్కడ వీళ్ళ సరుకు కొనే కంపెనీ ఆఫీసులో అందరూ కాలర్ టీషర్టుల్లో ఉన్నారట. పోలో అంటారు వాటిని. గుండీలు పైన మూడే ఉంటాయి, తలమీంచి వేసుకోవాలి.

"చొక్కాకన్నా హాయిగానూ ఉన్నాయి, చూడ్డానికి పద్ధతిగానూ ఉన్నాయి సత్యానందం గారూ. మన గది వేడికి అవే నయం. వాళ్ళు నెలాఖరున మన ఆఫీసు చూడ్డానికొస్తున్నారు. ఆలోపల మనవాళ్ళందరికీ కుట్టించండి."

"కుట్టించరండి, అల్లినవే వస్తాయి."

"చూశారా, మీకు తెలుసు. మీరే చూడండి. రంగు కూడా మీ ఇష్టమే."

మీ ఇష్టమే అన్న మాట ఆయన చెవిలో రోజంతా మోగుతూనే ఉందట, అటక మీద కాయలాగా.

అమలాపురంలో నాగసతీష్ అనే ఆయనకి రెడీమేడ్ బట్టల షాపుంది. తిరుప్పూరు నుంచి తెప్పిస్తాడు. సత్యానందం గారు ఆ షాపుకి నాలుగు సార్లు వెళ్ళేరు. గుడ్డని వేళ్ళ మధ్య రుద్ది చూసేరు. ఉత్త పాలిస్టరైతే తళతళమంటుంది గాని మధ్యాహ్నానికి వాసనేస్తుంది. మరీ దళసరిగా ఉంటే కాలరు బాగా నిలబడుతుంది, మనిషి నిలబడలేడు. మరీ పల్చనైతే లోపలి బనీను లెక్కపెట్టొచ్చు. తేనెపట్టులాగ సన్నటి గళ్ళు పడేలా అల్లిన నూలు గుడ్డ ఒకటుంది, దాంట్లోంచి గాలాడుతుంది. కాలరుని గుప్పిట్లో నలిపి వదిలితే మళ్ళీ తన రూపానికి రావాలి. రాకపోతే నాలుగు ఉతుకులకే చివర్లు పైకి ముడుచుకుపోతాయి. ఇవన్నీ ఆయనకి ఎవరూ నేర్పలేదు. గుడ్డ పట్టుకుంటే తెలిసింది.

ఇంక రంగు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఒక్కో రంగు మీద ఒక్కో చుక్క వేసి చూసేరట.

"ఏవండీ, షాపులో చిత్తడి చేసేస్తున్నారు," అన్నాడు నాగసతీష్.

"చెమట ఎందులో కనపడుతుందో చూస్తున్నానయ్యా."

"నలభై ఏళ్ళ షాపండి మాది. మా నాన్నగారి హయాంలో కూడా గుడ్డకి చెమట పట్టించినోళ్ళు లేరు."

బూడిదరంగు మీద చుక్క పడితే నల్లగా అచ్చుపడింది. లేతనీలం మీద కూడా అంతే. ముదురునీలం మీద కురిడీ దుమ్ము పడితే పిండి చల్లినట్టుంటుంది. చివరికి మిగిలింది తెలుపు. తెలుపు మీద చెమట కనపడదు, దుమ్ము కనపడదు, ఎండ సోకినా వేడెక్కదు. ఆ మూడు కారణాలూ భవానీదేవి గారికి చెప్పేరు. మూడూ నిజమే. నాలుగో కారణం కలలోని చొక్కా. అది చెప్పలేదు.

"సరేనండి. ముందు ఓ ఐదు తెప్పించి, వారంరోజులు ఐదుగురు వేసుకుని చూడండి," అన్నారావిడ.

ఆ ఐదుగురిలో సత్యానందం గారొకరు, లెక్కలు రాసే వీరబాబు ఒకరు. వీరబాబు పొట్టగల మనిషి. అద్దంలో చూసుకుని, "తలగడకి కాలరేసినట్టున్నానండి," అన్నాడు. సత్యానందం గారు మాత్రం ఆ మొదటిరోజు తెల్ల కాలర్ టీషర్టులో బల్ల వెనక కూచుంటే, ఫ్యాను గాలి ఆ గళ్ళలోంచి దూరి వీపుని తాకుతూ ఉంటే, చాలాసేపు కాగితం ముట్టుకోలేదట. వేడి ఉంది గాని తన దాకా రావట్లేదు. పైన కాయలు టక్కుమంటున్నాయి. కల లోపల ఉన్నానో బయట ఉన్నానో తేలలేదన్నారు.

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. పదకొండింటికి టీ ఉండదు, బొండాం ఉంటుంది. పెరట్లో గెల దింపి, కత్తితో మూతి చెక్కి తలా ఒకటి ఇస్తారు. స్ట్రా ఉండదు. స్ట్రా అడగడం ఆ ఆఫీసులో అప్రతిష్ఠ. లావణ్య అని కంప్యూటర్ దగ్గర పనిచేసే అమ్మాయి చేరిన కొత్తల్లో అడిగితే, వీరబాబు ఆర్నెల్లపాటు "మన హైదరాబాదు అమ్మాయి" అని పిలిచేడు, ఆ పిల్లది పక్కనే రాజోలైనా. తల వెనక్కి వాల్చి, బొండాన్ని ఎత్తి, గటగటా తాగాలి. ఎంత అలవాటున్న మనిషికైనా గడ్డం మీంచి ఒక్క చుక్క జారుతుంది. చేత్తో తుడుచుకుంటారు. నీళ్ళేగా.

వారం గడిచింది. ఐదు చొక్కాలూ ఉతికి, ఇస్త్రీ చేసి, సోమవారం మళ్ళీ ఐదుగురూ వేసుకొచ్చేరు. పది దాటేక లావణ్య తలెత్తి వీరబాబు వైపు చూసింది, పక్కాయన వైపు చూసింది, ఆ తర్వాత సత్యానందం గారి వైపు చూసి తలదించేసుకుంది.

ఉతికేటప్పుడు ఎవరికీ కనపడనిది, ఐదుగురికీ మెడకింద, మూడో గుండీ దగ్గర, గోధుమరంగు మరక. ఒకరికి చిన్నది, ఒకరికి పెద్దది. అందరికీ ఒకే చోట.

"ఫరవాలేదండి," అన్నాడు వీరబాబు తనది చూసుకుని. "కొచ్చివాళ్ళు ఇదే మన కంపెనీ గుర్తనుకుంటారు."

గదంతా నవ్వింది. సత్యానందం గారు కూడా నవ్వేరు. నవ్వుతూనే కాగితాల ఫైలొకటి తీసి గుండెకడ్డం పెట్టుకున్నారు.

"తెలియక కాదండి," అన్నారాయన. "నాకు తెలియకపోతే ఈ సీమలో ఇంకెవరికి తెలుస్తుంది? నీళ్ళచుక్క వేసి చూసేను, కాలరు నలిపి చూసేను, రోజూ తాగే బొండాం మాత్రం గుర్తుకి రాలేదు. రానివ్వలేదేమోనండి. ఇరవై రెండేళ్ళుగా నేను బొండాం గ్లాసులో పోయించుకుని తాగుతాను. అందుకే నా చొక్కా తెల్లగా ఉండేది. ఆ వారం మాత్రం ఏదో సంతోషంలో అందరితోపాటు ఎత్తి తాగేసేను."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి, తల్లి కంటపడకుండా పెరట్లో నిమ్మచెక్కతో రుద్దడం మొదలెట్టేరు. రత్నం గారు వెనకనుంచి ఎప్పుడొచ్చేరో తెలీదు.

"నిమ్మకాయకి పోదురా అది. నేను చూడనిదా."

ఆయన నిమ్మచెక్క కింద పెట్టేరు.

"బొండామా, డొక్కా?"

"బొండామేనమ్మా."

"ఊ," అన్నారావిడ. ఆ చొక్కాని ఆయన చేతిలోంచి తీసుకుని మరకని బొటనవేలితో ఒకసారి తడిమేరు. కోపం లేదు. ఇన్నేళ్ళు కాపలా కాసిన ఇంట్లోకి ఎవరో వచ్చి కూచుంటే చూసినట్టు చూసేరట. దాన్ని తిరిగి ఆయన చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయేరు.

నాగసతీష్ శనివారంలోగా రంగు చెప్పమన్నాడు. లేకపోతే నెలాఖరుకి సరుకు రాదు. మంగళవారమంతా సత్యానందం గారికి ఏ రంగూ తోచలేదు. బుధవారం మధ్యాహ్నం ఎండ బాగా తీవ్రంగా ఉంది. కిటికీలోంచి పెరటివైపు చూస్తున్నారు. అక్కడ వలుపు జరుగుతోంది. నేలలో పాతిన ఇనప మొన మీద కాయని గుచ్చి, తిప్పి, డొక్క ఊడదీస్తున్నారు నలుగురు. ఆడవాళ్ళిద్దరు డొక్కలు ఎత్తుతున్నారు. ఎండలో గాలి కదులుతుంటే ఆ మనుషులూ, డొక్కల గుట్టా, నేలా అంతా ఒకటే రంగులో నీళ్ళలో నీడల్లాగ ఊగుతున్నట్టుంది. రసం కారుతూనే ఉంది. ఎవరి బట్ట మీదా మరక కనపడలేదు.

ఆయన చాలాసేపు చూసేరు. మరక మీద మరక పడి, మరక మీద మరక పడి, చివరికి మరకన్నదే లేకుండా పోయింది.

గురువారం ఆ మరకపడ్డ టీషర్టు సంచిలో పెట్టుకుని అమలాపురం బస్సెక్కేరు.

"మరకలు పోగొట్టమని వచ్చేవాళ్ళుంటారు గాని," అన్నాడు నాగసతీష్ దాన్ని వెలుతురులో పట్టుకుని, "మరక రంగులోనే చొక్కా కావాలన్నవాళ్ళు మీరేనండి. ఈసారి నీళ్ళ సీసా తేలేదా?"

"తెచ్చేనయ్యా."

రంగుల పుస్తకం తిరగేసి తిరగేసి ఒకటి పట్టుకున్నారు. దాంట్లో రెండు పోగులు కలిపి అల్లేరు, ఒకటి గోధుమరంగు, ఒకటి గంధం రంగు. దూరం నుంచి చూస్తే అచ్చం పీచు. రెండు పోగులవడంతో చెమట చుక్క పడినా అచ్చు పడలేదు. సంచిలోంచి చిన్న బొండాం తీసి దాని నీళ్ళు కూడా వేసి చూసేరట. నాగసతీష్ ఈసారి గుడ్డపీలిక తెచ్చి బల్ల తుడుచుకున్నాడు. ఆ రంగులో ఒక్క చొక్కా శాంపిలుంటే, అది పట్టుకుని వచ్చేరు.

శుక్రవారం భవానీదేవి గారి బల్లమీద పెట్టేరు.

"మీరే కదండీ తెలుపన్నారు," అన్నారావిడ.

"ఆయ్, నేనేనండి. తప్పేనండి."

ఆవిడ చొక్కాని విప్పి అటూ ఇటూ తిప్పి చూసేరు. తర్వాత గొంతు తగ్గించి, "బాగుంది. బాగోలేదని కాదు. కానీ సత్యానందం గారూ, పనివాళ్ళ బట్టల్లా ఉన్నాయని ఎవరైనా అంటేనో?"

"అంటే అది మా అమ్మ రంగండి మేడమ్. నాకు కొత్త కాదు."

పైన ఒక కాయ టక్కుమంది. భవానీదేవి గారు చొక్కాని మళ్ళీ మడతపెట్టి ఆయన వైపు జరిపేరు.

"అయితే ముందు మీ అమ్మగారికి చూపించండి. ఆవిడ సరేనంటే నాకూ సరే. రేపు పొద్దున్నే ఫోను చెయ్యండి."

ఎవరికి చూపించకుండా ఆర్డరు పెట్టేద్దామనుకున్నారో, నేరుగా ఆ అమ్మ దగ్గరికే పంపించేరు భవానీదేవి గారు. ముప్పై ఏళ్ళు ఎడంగా నడిచిన మనిషి ఆవిడ. ఎడంగా నడిచి ఏ రంగు తగలకుండా కాపాడేరో, ఆ రంగుని మెడ నుంచి నడుందాకా తొడుక్కుని ఎదురుగా నిలబడాలి.

పొద్దుగూకే వేళకి ఇంటికొచ్చేరు. రత్నం గారు వరండాలో చింతపండు గింజలు తీస్తున్నారు. పొట్లం విప్పి ఆవిడ ఒళ్ళో పెట్టేరు.

ఆవిడ చేతులు తుడుచుకుని చొక్కా అందుకున్నారు. లోపలివైపు తిప్పి కుట్లు చూసేరు. కాలరుని గుప్పిట్లో నలిపి, వదిలి, అది మళ్ళీ నిలబడేదాకా చూసేరు.

"ఎవరిదిరా?"

"ఆఫీసుదమ్మా. నువ్వు సరేనంటే అందరికీ ఇదే తెస్తాం. లేకపోతే లేదు."

"ఈ రంగుకి డబ్బులిచ్చి కొంటున్నారా?"

"ఆయ్."

"మాకు ఊరికే వచ్చేదిరా," అన్నారావిడ. అని భుజాలు కదిలేలా చాలాసేపు నవ్వేరు. సరోజిని గారు లోపల్నుంచి వచ్చి ఏమిటేమిటని అడిగితే చెప్పలేక చెయ్యి ఊపేరు. నవ్వు తగ్గేక, "ఏదీ, వేసుకో," అన్నారు.

ఆయన వేసుకుని మెట్టు దిగి ఎండ పోతున్న వాకిట్లో నిలబడ్డారు. రత్నం గారు కళ్ళు చికిలించి చూసేరు.

"తెల్లచొక్కాలో నువ్వు మలుపు తిరిగి వస్తుంటే నాకు చొక్కా ఒకటే కనపడేది. వచ్చేది నువ్వో ఇంకొకరో మెట్టెక్కేదాకా తెలిసేది కాదు. ఇందులో మొహం తెలుస్తోంది."

అంతే. సరే అనలేదు, వద్దనలేదు. మళ్ళీ చింతపండు ముందుకి లాక్కున్నారు. అన్నాల దగ్గర ఆయన అడుగుదామనుకున్నారు. అడిగితే ఏం వస్తుందోనని ఊరుకున్నారు.

శనివారం పొద్దున లేచి చూస్తే కుర్చీమీద వేసిన చొక్కా లేదు. సరోజిని గారిని అడిగితే తెలీదన్నారు. పెరట్లోకి వెళ్ళేరు. నీలం బకెట్టు బోర్లించి ఉంది, పొడిగా. ఆ పక్కన రత్నం గారు తన ఇనప బకెట్టు ముందు పీటేసుకుని కూచుని ఉన్నారు. నురగలోంచి ఆవిడ పాతచీర కొంగు తేలుతోంది, దానితో పెనవేసుకుని ఆ చొక్కా కాలరు.

"అమ్మా, అది శాంపిలే. ఇంకా మనది కాదు."

"కొత్తబట్ట నానబెట్టకుండా ఎవరైనా వేసుకుంటారురా?"

"నీ బట్టల్లో వేసేవు."

"వేస్తే? రంగు దిగినా ఇందులో ఏం తెలుస్తుంది." చీరనీ చొక్కానీ కలిపే పైకెత్తి ఒకసారి పిండి మళ్ళీ నీళ్ళలో వదిలేరు.

సత్యానందం గారు అక్కడే, నీలం బకెట్టు మీద కూచుని భవానీదేవి గారికి ఫోను చేసేరు.

"అమ్మగారేమన్నారండి?" అని అడిగేరావిడ.

"ఉతుకుతోందండి," అన్నారు ఈయన.